తులసితో మామిడి ఈగను పట్టొచ్చా? మొక్కల నుంచి తీసే ఫెరమోన్ల గురించి అడిగిన రైతుకి జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నూజివీడు దగ్గర ఐదెకరాల మామిడి, బంగినపల్లి కొంత, తోతాపురి కొంత. బోరు పక్కన అరెకరం కాకర పందిరి. పోయినేడు కోతకి వారం ముందు కాయలో పురుగు కనపడి వ్యాపారి ధర విరిచేశాడు. ఈలోగా "మొక్కల నుంచే ఫెరమోన్ తీస్తున్నారు, ఇక పురుగుమందే అక్కర్లేదు" అని ఫోన్లో వీడియో చూశారు. షాపులో "హెర్బల్ ఫెరమోన్" అని లీటరు సీసా చూపించారు. ఆ సీసా కొనొచ్చా, తులసితో ఇంట్లోనే చేసుకోవచ్చా, బావగారి పత్తికి కూడా పనికొస్తుందా అని అడిగారు.

ముందు సీసా సంగతి. కొనకండి. ట్యాంకుకి ఇంత అని కలిపి ఏ పంట మీదైనా, ఏ పురుగుకైనా కొట్టే ఫెరమోన్ అంటూ ఏదీ లేదు. ఫెరమోన్ అంటే ఒక జాతి పురుగు తన జాతి పురుగుని పిలుచుకునే వాసన. శనగపచ్చ పురుగు పిలుపు గులాబీ రంగు పురుగుకి అక్కర్లేదు. సీసా మీద ఏ పురుగుకి, ఏ పదార్థం, ఎన్ని మిల్లీగ్రాములు, ఎప్పుడు తయారైంది అనేవి రాసి ఉండాలి. "అన్ని రకాల పురుగులకు" అని రాసి ఉంటే అక్కడితో చదవడం ఆపేయొచ్చు. నేనూ ఒకసారి ఇలాంటిది కొన్నాను లెండి. మూత తీస్తే వేపనూనె, కర్పూరం కలిసిన వాసన. వాసన బాగానే ఉంది. ఈగలకే నచ్చలేదు.

ఇక తులసి. మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చింది ఇదే, ఎందుకంటే మామిడి ఈగ, అంటే కాయలో గుడ్లు పెట్టే పండు ఈగ విషయంలో మీరు విన్నది సగం నిజం.

1912 నాటి ముచ్చట ఒకటి చెప్తాను. బీహార్‌లోని పూసాలో అప్పటి వ్యవసాయ పరిశోధన సంస్థలో హౌలెట్ అనే ఇంగ్లీషు కీటక శాస్త్రవేత్త పనిచేసేవాడు. ఆయన పొరుగాయన దోమలు రాకుండా చేతిరుమాలుకి సిట్రొనెల్లా నూనె రాసుకున్నాడు. దోమల సంగతి ఏమోగానీ, పండు ఈగలు వచ్చి ముసిరాయి. హౌలెట్ వాటిని పట్టి చూస్తే అన్నీ మగవే. ఆ నూనెలో వాటిని లాగుతున్నది ఏమిటా అని ఒక్కో పదార్థాన్నీ విడిగా పెట్టి చూసి, 1915 నాటికి మిథైల్ యూజినాల్ దగ్గర తేలాడు. ఇవాళ మీరు షాపులో కొనే మామిడి ఈగ ల్యూర్‌లో, అంటే ఈగని లాగే వాసన ఎరలో ఉండేది అదే. అంటే ఈ కథ అమెరికాలోనో జపాన్‌లోనో కాదు, మన మామిడి దేశంలోనే మొదలైంది.

మిథైల్ యూజినాల్‌ని మొక్కలే తయారు చేసుకుంటాయి. తులసిలో ఉంది. రేల పూలలో ఉంది. మామిడి కాయ ముదిరే రోజుల్లోనే రేలచెట్టు పసుపు గుత్తులు వేస్తుంది కదా, వీలైతే ఒక పొద్దున ఆ గుత్తుల దగ్గర నిలబడి చూడండి. ఇంటి ఈగ కంటే కాస్త సన్నగా, కందిరీగ పోలికతో, వీపు మీద పసుపు మచ్చలతో ఈగలు కనిపిస్తే అవి పువ్వు తేనె కోసం వచ్చినవి కావు.

శాస్త్రం లెక్కన చూస్తే ఇది ఫెరమోన్ కాదు, మగ ఈగకి ఆకర్షకం. కానీ అసలు విచిత్రం ఇక్కడే ఉంది. మగ ఈగ దాన్ని నాకి కడుపులోకి తీసుకుంటుంది. ఒంట్లోనే దాన్ని కొంచెం మార్చి, మలద్వారం దగ్గరున్న గ్రంథిలో దాచుకుంటుంది. పొద్దు గుంకే వేళ ఆడ ఈగల్ని పిలవడానికి ఆ సరుకునే గాలిలోకి వదులుతుంది. అంటే మొక్క ఇచ్చిన దాన్నే ఈగ తన ఫెరమోన్‌గా వాడుకుంటోంది. "మొక్కల నుంచి ఫెరమోన్" అనే మాట అక్షరాలా సరిపోయేది ఈ ఈగకే.

ఇందులోనే ఒక ప్రమాదం కూడా ఉంది. మిథైల్ యూజినాల్ తిన్న మగ ఈగలకి, తినని వాటికంటే ఆడ ఈగలు ఎక్కువగా దొరుకుతాయని ప్రయోగాల్లో తేలింది. కాబట్టి తులసి ఆకు నలిపి ఉత్తి చిప్పలో పెట్టి చెట్టుకి వేలాడదీశారనుకోండి, ఈగలు వస్తాయి, తింటాయి, ఎగిరిపోతాయి. మీరు చేసింది పెళ్లికొడుకులకి అత్తరు పంచినట్టు. వచ్చిన ఈగ చావాలి. చచ్చే ఏర్పాటు లేనిదే తులసి పెట్టొద్దు.

చచ్చే ఏర్పాటు ఉంటే తులసి పనిచేస్తుందా? చేస్తుంది. ల్యూర్లు ఊళ్లలో దొరకని రోజుల్లో గుప్పెడు ఆకు నలిపి, చుక్క మలాథియాన్ అనే పురుగుమందు కలిపిన నీళ్లలో వేసి వేలాడదీసేవాళ్లం. ఈగలు పడేవి. కానీ ఒక తులసిలో మిథైల్ యూజినాల్ ఎక్కువ ఉంటుంది, ఇంకో తులసిలో అసలు యూజినాలే ఎక్కువ ఉంటుంది, ఆకు చూసి తేల్చలేం. పైగా నలిపిన ఆకు వాసన ఒకటి రెండు రోజుల్లో చప్పబడిపోతుంది. ఐదెకరాలకి రోజు మార్చి రోజు ఆకు నలిపే ఓపిక మీకుంటే సరే. నాకైతే లేదు. లవంగ నూనె పెట్టమని ఎవరైనా చెప్తే వినకండి. అందులో ఉండేది యూజినాల్, దానికి ఈగలు ఇంతగా రావు. కాకపోతే ఆ యూజినాల్‌నే ఫ్యాక్టరీలో ఒక మెట్టు మార్చి మిథైల్ యూజినాల్ చేయొచ్చు. అలా చూస్తే మీ షాపు ల్యూర్‌కీ మొక్కతో చుట్టరికం ఉన్నట్టే.

నేను ఇప్పుడు చేసేది ప్లైవుడ్ ముక్కల పద్ధతి. రెండంగుళాల ముక్కలు కోయించి, ఆల్కహాల్ 6 పాళ్లు, మిథైల్ యూజినాల్ 4, మలాథియాన్ 1 కలిపిన ద్రావణంలో రెండు మూడు రోజులు మూత పెట్టి నానబెడతాను. తర్వాత ఒక్కో ముక్కని పక్కన కన్నాలున్న ప్లాస్టిక్ సీసాలో తీగతో వేలాడదీస్తాను. మందు చెట్టుకీ తగలదు, కాయకీ తగలదు. చేతికి గ్లవ్స్ తప్పనిసరి. మలాథియాన్ ఒక్కదాని కోసమే కాదు, మిథైల్ యూజినాల్‌ని కూడా మనిషికి క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవాటిలో 2023లో చేర్చారు. మొక్కది కదా అని చేత్తో పిసకడం మానేయండి. ఇదంతా కలుపుకునే తీరిక లేకపోతే ఈగలు పడే రెడీమేడ్ బుట్టలు, వాటిలో పెట్టే ల్యూర్లు దొరుకుతున్నాయి, తప్పేం లేదు.

బుట్ట మనిషి ఎత్తులో, కొమ్మల నీడలో, గాలి తగిలేచోట ఉండాలి. ఎండలో వేలాడదీస్తే ముక్క తొందరగా ఆరిపోతుంది. తీగకి కాస్త గ్రీజు రాయండి, లేకపోతే చీమలు దిగి చచ్చిన ఈగల్ని మోసుకుపోతాయి, మీరేమో ఈగలే పడటం లేదనుకుంటారు. ఈ తప్పు చేసి ఒక సీజన్ మొత్తం ల్యూర్ల నాణ్యతని తిట్టిపోసిన మనిషిని నేనే. ఎకరాకి నాలుగు నుంచి ఆరు చాలు. కాయ కోతకి రెండు నెలల ముందు నుంచే, అంటే మీ బంగినపల్లికి ఫిబ్రవరి చివరికల్లా బుట్టలు చెట్టు మీద ఉండాలి. కాయకి రంగు తిరిగాక కడితే అప్పటికే ఆడ ఈగలు జతకట్టేసి ఉంటాయి.

ఇప్పుడు మీకు కష్టంగా అనిపించే మాట. వారం తర్వాత బుట్ట విప్పి ఈగల్ని న్యూస్‌పేపర్ మీద బోర్లించండి. ఒక్కో ఈగ తోక చూడండి. గుండ్రంగా మొద్దుగా ఉంటే మగది. సూదిలా సాగి ఉంటే ఆడది, ఆ సూదితోనే కాయ తొక్క కింద గుడ్లు పెడుతుంది. రెండొందల ఈగలు లెక్కపెట్టినా మీకు ఆ సూది దాదాపు కనపడదు. మీ కాయని పాడుచేసేది ఆడ ఈగ. మీ బుట్టలో పడేది మగ ఈగ. బుట్ట నిండిందంటే కాయ బతికిందని కాదు.

నా తోటలో మొదటి ఏడాది సరిగ్గా ఇదే జరిగింది. మూడెకరాలకి ఇరవై బుట్టలు కట్టాను. ప్రతి వారం గుప్పెళ్లకొద్దీ ఈగలు, చూసినవాళ్లందరికీ చూపించుకున్నాను. కోతకొచ్చాక గంపకి నాలుగైదు కాయలు మెత్తబడి, కోస్తే లోపల తెల్ల పురుగులు గెంతుతున్నాయి. ఎందుకంటే ఒక మగ ఈగ చాలా ఆడ ఈగలతో జతకట్టగలదు. మగవాటిలో తొంభై శాతం చచ్చినా మిగిలిన పది శాతం పని నడిపించేస్తుంది. పైగా ఈ వాసనకి వచ్చేది ఈడుకొచ్చిన మగ ఈగే, వాటిలో కొన్ని మీ బుట్ట దాకా వచ్చేలోపే జతకట్టి ఉంటాయి. అన్నింటికంటే ముఖ్యం, పక్క తోటలో జతకట్టిన ఆడ ఈగ మీ గట్టు దాటి రావడానికి ఎవరినీ అడగదు.

ఇదే మిథైల్ యూజినాల్‌తో ఈగని పూర్తిగా తుడిచిపెట్టిన చోటు కూడా ఉంది. పసిఫిక్ సముద్రంలో గ్వామ్ దగ్గర రోటా అనే చిన్న దీవి. మందు, మిథైల్ యూజినాల్ పీల్చుకున్న చిన్న చిన్న నార చెక్కలను విమానాల నుంచి దీవి అంతటా జల్లారు. 1965కల్లా అక్కడ ఆ ఈగ లేకుండా పోయింది. అక్కడి వాసనలో మహిమేం లేదు, మన దగ్గర ఉన్నదే. చుట్టూ సముద్రం ఉంది, ఒకేసారి దీవి అంతా వేశారు. మన ఊరికి చుట్టూ సముద్రం లేదు కాబట్టి మనకి దీవి అంటే పక్కపక్కన ఉన్న తోటలన్నీ కలిపి. రెండో ఏడాది మా వైపు పదకొండు మంది ఒకే వారంలో కట్టాం. అందరి దగ్గరా ఒకే రకం ముక్కలు. ఒప్పించడానికి టీలకే నాకు బాగా ఖర్చయింది. ఆ ఏడాది కోసి చూసిన కాయల్లో తేడా స్పష్టంగా తెలిసింది.

బుట్టలతో పాటు ఇంకో పని చేశాం, నిజం చెప్పాలంటే సగం ఫలితం దానిదే అనుకుంటాను. రాలిన కాయ ఒక్కటీ నేల మీద ఉంచలేదు. కాయలోని పురుగు ముదరగానే బయటికొచ్చి మట్టిలోకి దూరి కోశం కడుతుంది, అక్కడి నుంచి కొత్త ఈగ లేస్తుంది. రోజు మార్చి రోజు ఏరి, మందపాటి ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి ఎండలో పడేశాం. గట్టు మీద కుప్ప పోస్తే లాభం లేదు, పక్క తోటకి విత్తనం వేసినట్టే. తోతాపురి మీకు ఆలస్యంగా కోతకొస్తుంది, తొలకరి పడ్డాక ఈగ ఎక్కువవుతుంది. దానికి కాయ కవర్లు కట్టగలిగితే కట్టండి, ఆడ ఈగకి అడ్డం నిలిచేది కవరే. కవర్లు కట్టలేని చెట్లకి బెల్లం, మామిడికి అనుమతి ఉన్న పురుగుమందు కలిపిన ఎరని కాండం మీద, కింది కొమ్మల ఆకుల మీద అక్కడక్కడ మచ్చల్లాగా కొట్టండి. తీపికి ఆడదీ వస్తుంది, మగదీ వస్తుంది. చెట్టంతా తడపనక్కర్లేదు.

ఇంత శ్రమ ఎందుకని అడిగేవాళ్లకి 2014 గుర్తుచేస్తుంటాను. పండు ఈగ పురుగులు దొరికాయని ఆ ఏడాది మే నుంచి యూరప్ మన మామిడిని ఆపేసింది. తర్వాతి ఏడాది మొదట్లో గానీ మళ్లీ తలుపు తెరవలేదు. కాయలో ఒక్క పురుగు అంత దూరం పోతుంది.

కాకర పందిరి దగ్గర మాత్రం ఇవే బుట్టలు కట్టకండి. కాకర, దోస, బీర, పొట్ల వీటి మీద పడే ఈగ వేరు, దానికి మిథైల్ యూజినాల్ అక్కర్లేదు. దానికి క్యూ ల్యూర్ అనే వేరే ఎర ఉంది, అది అడిగి తీసుకోండి. షాపులో "ఈగ ల్యూర్ ఇవ్వండి" అంటే ఏది చేతికొస్తే అది ఇస్తారు. పందిరి కింద మామిడి ల్యూర్ కట్టిన రైతు ఒకాయన నాకు ఫోన్ చేసి "బుట్ట నిండుతోందండి, కాయ మాత్రం కుళ్లుతోంది" అన్నాడు. నిండింది పక్క మామిడి తోట ఈగలతో.

ఇక మీ బావగారి పత్తి, మీరు చూసిన వీడియో. ఇక్కడ కథ మారిపోతుంది. రెక్కల పురుగుల ఫెరమోన్ ఏ తులసిలోనూ, ఏ వేపలోనూ దొరకదు. దాన్ని ఆడ పురుగు తన ఒంట్లోని కొవ్వు ఆమ్లాల నుంచి తయారు చేసుకుంటుంది. అదీ రవ్వంత. మొదటిసారి ఒక పురుగు ఫెరమోన్‌ని గుర్తించింది 1959లో, పట్టుపురుగుది. బ్యూటెనాండ్ట్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త అందుకోసం దగ్గరదగ్గర ఐదు లక్షల ఆడ పురుగులను వాడాల్సి వచ్చింది, చేతికొచ్చింది కొన్ని మిల్లీగ్రాములు. ఆ తర్వాత వీటిని ల్యాబుల్లో, ఫ్యాక్టరీల్లో రసాయనాలతో తయారు చేయడం నేర్చుకున్నారు. ఆడ పురుగు వాసనతో మగ పురుగుల్ని లాగే లింగాకర్షక బుట్టలో పెట్టే రబ్బరు బిళ్లలో ఉండేది అలా చేసిన సరుకే. బుట్టకి ఒకటి రెండు మిల్లీగ్రాములే కాబట్టి ధర భరించగలం. చేనంతా ఆ వాసన నింపాలంటే ఎకరాకి గ్రాముల్లో కావాలి, అక్కడ ఖర్చు మీద పడుతుంది.

ఆ ఖర్చు తగ్గించడానికి చేసిన ప్రయత్నమే మీరు చూసిన వీడియో. స్వీడన్‌లోని లుండ్ యూనివర్సిటీ వాళ్లు, వాళ్లతో పనిచేసేవాళ్లు, ముందు 2014లో పొగాకు జాతి మొక్కలోకి పురుగుల జన్యువులు పంపి దాని ఆకుల్లో ఫెరమోన్ పుట్టించారు. తర్వాత ఆవాల కుటుంబానికి చెందిన కమెలినా అనే నూనెగింజ మొక్కని తీసుకున్నారు. 2022లో వచ్చిన ఫలితాల ప్రకారం ఆ గింజల్లోని కొవ్వు ఆమ్లాల్లో ఇంచుమించు ఐదో వంతు ఫెరమోన్‌కి కావలసిన ముడి పదార్థమే. అంటే మొక్క పూర్తి ఫెరమోన్ ఇవ్వలేదు, ముడిసరుకు ఇచ్చింది. ఆ నూనెని మళ్లీ ల్యాబులో శుద్ధి చేసి, మార్చి, ఫెరమోన్ చేశారు. దాన్ని చైనాలో క్యాబేజీ చేలలో డైమండ్ బ్యాక్ పురుగు మీద, బ్రెజిల్లో చిక్కుడు జాతి పంటలో శనగపచ్చ పురుగు మీద వాడి చూస్తే, మామూలు ఫ్యాక్టరీ ఫెరమోన్‌కి దీటుగా పనిచేసింది.

నాకు ఇది నిజంగా పెద్ద విషయంగానే అనిపిస్తుంది. కానీ ఇది రైతు చేతిలో పట్టుకునే వస్తువు కాదు. అది జన్యుమార్పిడి మొక్క. మీరు గింజ తెచ్చి గట్టు మీద చల్లుకునేది కాదు, ఆకు నలిపితే వాసన వచ్చేది కాదు. ఎప్పుడైనా మన దాకా వస్తే ల్యూర్ ధర తగ్గడం రూపంలోనే వస్తుంది. అప్పుడు కూడా బుట్ట అదే, పద్ధతి అదే.

పత్తిలో గులాబీ రంగు పురుగుకి ఈ పద్ధతి కొత్తదేం కాదు. దాని ఫెరమోన్ గాసిప్లూర్ ఏమిటో 1973లోనే తేల్చారు. జతకట్టకుండా అడ్డుకునే పనికి అమెరికాలో మొట్టమొదట అనుమతి పొందిన ఫెరమోన్ కూడా అదే, 1978లో. వాసన చేనంతా నింపేస్తే ఆడ పురుగు ఎక్కడుందో తెలియక మగ పురుగు తిరిగి తిరిగి అలిసిపోతుంది, గుడ్లు పడవు. 2018లో అమెరికా తమ పత్తిలో ఈ పురుగు లేదని ప్రకటించింది. దానికి బీటీ పత్తి, పిల్లలు పుట్టించలేని వంధ్య పురుగుల్ని వదలడం, పంట అయ్యాక మోళ్లు దున్నేయడం, ఫెరమోన్ అన్నీ కలిసి ఏళ్ల తరబడి పనిచేశాయి. మన దగ్గర కూడా ఇప్పుడు ఈ ఫెరమోన్ పట్టించిన, మొక్కకి కట్టే తాళ్లు, కాండానికి పూసే పేస్టు దొరుకుతున్నాయి. బావగారికి రెండెకరాలే ఉండి చుట్టూ ఎవరూ కట్టకపోతే ఆ డబ్బు దండగ. బయట జతకట్టిన ఆడ పురుగు వచ్చి గుడ్లు పెట్టేస్తుంది, మీ మామిడి ఈగ కథే మళ్లీ. పాతిక ముప్పై ఎకరాలు ఒక్క చెక్కగా కలిసొస్తే పూత మొదలవకముందే కట్టమనండి.

కలిసిరాకపోతే ఎకరాకి నాలుగు లింగాకర్షక బుట్టలు పెట్టుకుని లెక్క రాసుకోమనండి. వరుసగా మూడు రోజులు, రోజుకి బుట్టకి ఎనిమిది మగ పురుగులు పడితే అప్పుడు మందు గురించి ఆలోచించాలి. ఆ లెక్క లేకుండా క్యాలెండర్ చూసి కొట్టే రెండు మూడు పిచికారీలు తప్పినా బుట్టల ఖర్చు తిరిగొచ్చేస్తుంది. ల్యూర్ ప్యాకెట్లు ఫ్రిజ్‌లో పెట్టాలి, బండి డిక్కీలో కాదు. పత్తి బిళ్ల ముట్టుకున్న చేత్తో మిరప బిళ్ల ముట్టుకుంటే వాసనలు కలిసిపోయి రెండూ చెడతాయి, ఒక్కో రకానికి ఒక్కో జత గ్లవ్స్ వాడండి.

మీ తోట చుట్టూ ఎంతమంది మామిడి రైతులున్నారు, వాళ్లలో ఎవరికి రాలిన కాయ ఏరే అలవాటుంది, అది రాయండి. జనవరిలో ఒక ఆదివారం అందరినీ ఒకచోట కూర్చోబెట్టగలిగితే ముక్కలు నానబెట్టడం నేనే వచ్చి చూపిస్తాను. ఆల్కహాల్, గ్లవ్స్ మీరు తెచ్చిపెట్టండి, ప్లైవుడ్ నా దగ్గర ఉంది.